పరాయి చెయ్యి

ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే తారు రోడ్డు మీద, అడవి చిక్కబడే చోట, మద్దిగూడెం అని ముప్పై ఇండ్ల కోయగూడెం ఉండేది. ఆ గూడెం ముందు ఏడాదికి ఒక్కరోజు రోడ్డుకు అడ్డంగా ఒక దుంగ పడేది. ఆ దుంగ వెనక కొంగు నడుముకు బిగించి నిలబడే ఆడమనిషి పేరు సోమక్క. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఆమె "ఆగు!" అంటే లారీలే ఆగిపోయేవి, ఇక సైకిళ్ళ సంగతి చెప్పాలా!

దోపిడీ అనుకునేరు. అది విత్తనాల పండుగ. తొలకరికి ముందు పూజారి మొండయ్య తాత ఒక రోజు చెప్పేవాడు. ఆ రోజు ప్రతి ఇంటి గింజలూ తెచ్చి ఒకే పెద్ద గంపలో పోసేవారు. మగవాళ్ళు పొద్దున్నే వేటకు పోయేవారు. అడవి సర్కారుదయ్యాక వేట పేరుకే మిగిలింది, నాలుగు దుంపలు తవ్వుకొచ్చి అదే వేట అనిపించేవారు. ఆడవాళ్ళు రోడ్డు మీదకు వచ్చి దుంగ వేసేవారు. ఆ దారిన వచ్చే కొత్త మనిషిని ఆపి, చుట్టూ రేలా పాట పాడుతూ ఆడి, అతని దగ్గర చిల్లరో చక్కెరో ఏదుంటే అది గుంజుకుని, చెయ్యి పట్టుకుని గంప దగ్గరికి తీసుకుపోయేవారు. అతను మణికట్టుదాకా గింజల్లో చెయ్యి పెట్టి ఒకసారి కలపాలి. తర్వాత గూడెంతో కలిసి బువ్వ తినాలి. అప్పుడే మొండయ్య తాత గింజలు పంచేవాడు. ఆ గింజలు చేతిలో పడందే గూడెంలో ఎవరూ విత్తరు.

పరాయివాడి చెయ్యి ఎందుకని సోమక్క చిన్నప్పుడే అడిగింది.

"మన చెయ్యి గింజలకు ఎరికే గదనే," అన్నాడు మొండయ్య తాత. "కొత్త చెయ్యి తగిలితే, ఎవలో చుట్టమొచ్చిండని గింజ లేచి చూస్తది."

దానికో షరతు ఉంది. ఒకసారి చెయ్యి పెట్టిన మనిషి ఇక పరాయివాడు కాడు. మరుసటి ఏడు పనికిరాడు, ఇంకొకరిని వెతుక్కోవాల్సిందే. డెబ్బై మూడులో సోమక్కకు మొదటిసారి దుంగ అప్పజెప్పినప్పుడు ఆమె ఆపింది హనుమకొండ నుంచి వచ్చే ఆర్టీసీ బస్సును. డ్రైవర్ బాబా మియా ఆ రూటుకు కొత్త. గడ్డం సవరించుకుని, బిస్మిల్లా అనుకుని, గింజల్లో చెయ్యి పెట్టాడు. అప్పటి నుంచి ఆయన మద్దిగూడెం మనిషే. గూడెం దగ్గర స్టాపు లేకపోయినా బ్రేకు వేస్తాడు. ఆ తర్వాత ఏడు పోస్ట్‌మన్ వెంకటయ్య దొరికాడు, ఆ పై ఏడు ములుగులో గాజులమ్మే రహీమాబీ. వరంగల్ జిల్లాలో మద్దిగూడేనికి ఇలా ఎక్కడెక్కడో చుట్టాలున్నారు. అంత చుట్టరికం కుదిరిందని వాళ్ళలో సగం మందికి తెలియనే తెలియదు.

ఆ ఒక్కరోజు తప్పిస్తే సోమక్క బతుకు అందరి బతుకే. తునికాకు కోసింది, ఇప్పపువ్వు ఏరింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది, మొగుడు గట్టయ్యతో పోట్లాడింది. గట్టయ్య డోలు పట్టుకుంటే మొనగాడు. మిగతా పనులన్నీ రేపటికి వాయిదా వేసే మనిషి. కానీ దుంగ వెనక నిలబడ్డ రోజున సోమక్క దొరసాని. ఆ రోజు కోసం ఆమె ఏడాదంతా ఎదురుచూసేది.

డెబ్బై ఎనిమిదిలో ఒక టూరు బస్సు వచ్చి ఆ దుంగ ముందు ఆగింది.

ఆ టూర్ల వ్యాపారం హనుమకొండలో సారంగపాణి అనే ఆసామిది. పుట్టింది వరంగల్ కొత్తవాడలో. తాతతండ్రులు తివాచీలు నేసి బతికితే, ఈయన తివాచీ మీద కూర్చుని వ్యాపారం చేద్దామనుకున్నాడు. ఒక పాత బస్సు, ఒక చేతి మైకు కొన్నాడు. పొద్దున రామప్ప గుడి, మధ్యాహ్నం లక్నవరం చెరువు చూపించి తిరుగు ముఖం పట్టేవాడు. ఆ రోజు అడవి కూడా చూపిద్దామని ముందుకు తెచ్చాడు.

రోడ్డు మీద దుంగ, దాని వెనక ఇరవై మంది ఆడవాళ్ళు కనబడగానే బస్సులో గోల మొదలైంది. పుస్తెలతాళ్ళు జాకెట్లలోకి పోయాయి. గడియారాలు చెప్పుల్లోకి పోయాయి. సారంగపాణి డబ్బుల సంచీతో సహా వెనక సీటు కిందికి దూరాడు. ఒక్క ముసలమ్మ మాత్రం, నర్సంపేట నుంచి వచ్చిన కట్టమ్మ, కిటికీలోంచి తొంగి చూసింది. ఆమెకు దుంగ కంటే దాని పక్కన ఉన్న గంప ముందు కనబడింది. నలభై ఏండ్లు వ్యవసాయం చేసిన కన్ను మరి.

"అవేం గింజలే బిడ్డా?" అంటూ దిగింది.

"జొన్న, కొర్ర, సామ, బొబ్బర్లు. అన్నీ ఉన్నయ్ అవ్వా," అంది సోమక్క.

"అన్నీ కలిపే చల్లుతరా?"

"ఆఁ, కలిపే. ఒకటి పోయినా ఒకటి నిలవడ్తది."

"మాకు గా తెలివి లేకపాయె. పత్తి ఒక్కటే పెట్టుకొని కూసున్నం," అని కట్టమ్మ గింజల్లో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు తీసి, పుచ్చు ఉందేమోనని ఊది చూసి, "మంచి గింజనే," అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ ఏటి పరాయి చెయ్యి అదే. గూడెం ఎగిరి గంతేసింది. వేట నుంచి తిరిగొచ్చిన గట్టయ్య డోలు మోగింది. కాసేపటికి బస్సులోని జనం ఒక్కొక్కరే దిగారు. ఇంకాసేపటికి వాళ్ళూ అడుగు కలిపారు. సీటు కింది నుంచి బయటికి వచ్చిన సారంగపాణి మెట్టు మీద నిలబడి చూశాడు. తన ప్యాసింజర్లు రామప్ప గుడి దగ్గర కూడా అంత సంతోషంగా లేరు.

వారం తిరక్కముందే ఆయన మళ్ళీ వచ్చాడు. చెడ్డవాడు కాదు, తియ్యగా మాట్లాడేవాడు. నెలకు రెండు ఆదివారాలు దుంగ వెయ్యండి, ఆడండి, పాడండి, ప్రతి ఇంటికీ ఇంత ఇస్తానన్నాడు. ఏడాదికి ఒక్కసారి ఆడే ఆటను నెలకు రెండుసార్లు ఆడమని, పైగా పైసలిస్తామంటే వద్దనేవాళ్ళు ఎవరు? సోమక్క అందరికంటే ముందు ఒప్పుకుంది. ఆమెకు అంతకంటే ఏం కావాలి!

కానీ అసలు గింజల్లో పూటకొకరు చెయ్యి పెడితే ఎలా? అందుకని సోమక్క ఆదివారాలకు వేరే గంప తయారు చేసింది. అడుగున ఊక, పైన పలచగా నాలుగు గుప్పెళ్ళ జొన్నలు. పట్నం జనం అందులో చెయ్యి పెట్టి కండ్లు మూసుకునేవారు. ఒకాయన ఒళ్ళు జలదరించిందన్నాడు. ఊక గుచ్చుకుంటే జలదరించదా అని ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

హనుమకొండ చౌరస్తాలో పోస్టర్లు పడ్డాయి. "అడవి మనుషుల అద్భుత పండుగ! నాగరికత తెలియని అమాయకులను కళ్ళారా చూడండి!" అని. సోమక్క మేనకోడలు సావిత్రి ఏటూరునాగారంలో పదో తరగతి చదువుతున్న పిల్ల. ఆ పోస్టరు చదివి వినిపిస్తే, "అమాయకులెవలే? గా ఊకల చెయ్యి పెట్టేటోళ్ళా?" అని సోమక్క నిజంగానే అడిగింది.

సారంగపాణి కోరికలు నెమ్మదిగా పెరిగాయి. నైలాన్ చీరలు వద్దన్నాడు. సావిత్రి చేతి గడియారం తీసెయ్యమన్నాడు. "మీరు కోయోళ్ళ లెక్క కనిపిస్తలేరమ్మా," అని కోయవాళ్ళకే చెప్పాడు. చివరికి, "మీరు తెలుగు మాట్లాడితే వచ్చినోళ్ళకు మజా ఉండదు. మీ భాషల్నే మాట్లాడుండ్రి, అర్థం నేను చెప్త," అన్నాడు. ఆయనకు కోయభాష ఒక్క ముక్క రాదు.

ఆ ఆదివారం ఆయన మైకు పట్టుకుని బస్సు మెట్టు మీద నిలబడితే, సోమక్క ముందు వరసలో ఉన్న ఒక బ్యాంకు ఆఫీసరును చూపించి కోయలో గట్టిగా ఏదో అంది. ఈయన పొట్ట ముందు వచ్చింది, ఈయన రేపొస్తాడు కాబోలు అని దాని అర్థం. సారంగపాణి మైకులో, "వనదేవతలు మిమ్మల్ని చల్లగా చూడాలని దీవిస్తున్నారు!" అన్నాడు. ఆఫీసరు చేతులు జోడించాడు. ఇరవై మంది ఆడవాళ్ళు నవ్వాపుకోలేక వెనక్కి తిరిగి నిలబడితే, "ఇప్పుడు సూర్యుడికి మొక్కుతున్నారు," అని వివరించాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ ఆట కోసమే ఆడవాళ్ళు పోటీపడి దుంగ దగ్గరికి వచ్చేవారు.

ఎనభై ఒకటిలో సారంగపాణి సోమక్కనూ ఇంకో ఆరుగురినీ హనుమకొండలో ఒక సభలో ఆడించడానికి తీసుకుపోయాడు. రెండు రోజులున్నారు. తిరిగి వచ్చిన సాయంత్రం గూడెమంతా కూడింది. సోమక్క ఒక రోకలి తీసుకుని మైకులాగా మూతి దగ్గర పెట్టుకుంది.

"సూడుండ్రి, సూడుండ్రి! పట్నం మనుషులు! ఇండ్ల మీద నంబర్లు రాసుకుంటరు, లేకుంటే వాళ్ళ ఇల్లేదో వాళ్ళకే ఎరుకలేదు. దేవుణ్ణి లోపట పెట్టి తాళమేస్తరు, ఏడికన్న పారిపోతడని. పక్కింట్ల ఎవలున్నరంటే తెల్వదంటరు. పొద్దుగాల లేచి కుక్కకు తాడు గట్టి దాని ఎంబడి ఉరుకుతరు, పాపం, ఎటు పోవాల్నో కుక్కే చూపిస్తది!"

జనం పడి పడి నవ్వారు. పిల్లలు మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అన్నారు. సోమక్క చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి కుక్క కాస్తా పులంత అయింది. మూలన కూర్చుని ఆకులు కుడుతున్న సోమక్క అత్త రాజక్క మాత్రం తల ఎత్తకుండానే అంది.

"బాగనే ఉన్నదిగని కోడలా, ఆ సారు మన గురించి అక్కడ గిట్లనే చెప్తాండు గదా?"

సోమక్క రోకలి కింద పెట్టింది. ఆమెకు సిగ్గేసింది. రెండు రోజుల్లో తను చూసిందెంత, చెప్పిందెంత! ఆ కుక్క వెంట ఉరికిన ఆయనే పొద్దున్నే తమకు చాయ్ తాగించిన సంగతి ఒక్కరికైనా చెప్పిందా? కోయవాళ్ళు తమను తాము కోయతూర్ అనుకుంటారు, అంటే మనుషులు అని. తాము మనుషులైతే మిగతావాళ్ళు ఏమిటన్నది సోమక్క అంతవరకు ఆలోచించలేదు. ఆ రాత్రి గట్టయ్యతో కూడా పోట్లాడకుండా పడుకుంది. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని గట్టయ్య హైరానా పడ్డాడు.

రోజులు గడిచాయి. ఎనభై అయిదు వచ్చింది. మొండయ్య తాత పండుగ బుధవారమన్నాడు. ఆ మాట చెవిన పడగానే సారంగపాణి పరుగెత్తుకొచ్చాడు.

"సోమక్కా, ఈ ఆదివారం హైదరాబాదు నుంచి రెండు బస్సుల జనం వస్తాన్నరు. పేపరోళ్ళు గూడ. అసలు పండుగే చూపిస్తనని మాటిచ్చిన. నాలుగు రోజులే గదా, బుధవారంది ఆదివారం చేసుకోండ్రి. ఇగ ముందు గూడ ప్రతి ఏడు ఆదివారమే పెట్టుకుంటే మీకూ మంచిది, మాకూ మంచిది."

"రేపో మాపో వాన పడేటట్టున్నది. నాలుగు రోజులు ఆగుమని వానకు నువ్వు చెప్తవా సారూ?"

సారంగపాణి మైకుతో చెబితే వాన కూడా వినొచ్చు అన్నట్టే చూశాడు. కుర్రకారు ఆయన పక్షమే. డబుల్ ఇస్తానంటున్నాడు, ఆదివారమైతే ఏం పోయిందన్నారు. గట్టయ్య కూడా, వాయిదా అనే మాట వినగానే, మంచిదే కదా అన్నాడు. సోమక్క ఒక్కతే కాదంది. గింజలకు మనం చెప్పిన రోజే రోజు, బస్సు వచ్చిన రోజు కాదంది. గొంతు చించుకుంది. చివరికి మొండయ్య తాత చెయ్యెత్తాడు.

"బుధవారం దుంగ ఎయ్యుండ్రి. పొద్దు వాలేలోపల ఒక పరాయి చెయ్యి గింజల్ల పడాలె, ఆ మనిషి మన బువ్వ తినాలె. పడితే పండుగ ఎప్పటికీ మన రోజే. పడకపోతే ఇగ ఆదివారమే. మళ్ళ నా ముందట పంచాయితీ పెట్టొద్దు."

ఒక్క మనిషిని ఆపడమెంత పని! సోమక్క నవ్వుకుంది. పన్నెండేండ్ల నుంచి చేస్తున్నదే కదా.

బుధవారం పొద్దున్నే దుంగ పడింది. మొదట ఒక జీపు వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఇయ్యాళ ఆదివారం గాదు గదనే? షో ఎందుకు పెట్టిండ్రు?" అని, దుంగ పక్క నుంచి గుంతలోకి దించి పోనే పోయాడు. తర్వాత ఒక లారీ. "మా సేటు ఆట పైసలు సారంగపాణి సారుకు ఎప్పుడో కట్టిండు, మళ్ళ నన్నడుగుతరేంది?" అన్నాడు క్లీనరు. ఒక కారులో మొగుడూ పెళ్ళాం వచ్చారు. సోమక్క ఆశగా ముందుకు ఉరికింది.

"మేం చూసేసినమమ్మా, పోయినేడే," అంది లోపలి ఆవిడ. "చెయ్యి గూడ పెట్టినం. గింజలు జర గుచ్చుకున్నయ్."

"పెట్టింది ఊకల గదా అత్తా, అది లెక్కకు రాదు. మళ్ళ పెట్టిద్దాం," అని సావిత్రి గుసగుసలాడింది.

"ఇంకొక్కసారి దిగుండ్రి అమ్మా. ఇయ్యాళ అసలుది," అని సోమక్క బతిమాలింది. జీవితంలో ఆమె ఆ రోడ్డు మీద ఎవరినీ బతిమాలలేదు.

"ఎన్నిసార్లు చూస్తం?" అంటూ ఆవిడ అద్దం ఎక్కించింది.

మధ్యాహ్నం దాటింది. స్కూటరు మీద వచ్చినవాడూ చూసేశాడు. ఆడపిల్లలతో వచ్చిన టీచరమ్మ కూడా చూసేసింది, పైగా ఏ పాట తర్వాత ఏ పాటో తనే చెప్పింది. ఆ రోడ్డు మీద తిరిగే జనమంతా ఏడేండ్లలో ఎప్పుడో ఒక ఆదివారం ఆ దుంగ చూసినవాళ్ళే. రహస్యం అప్పుడు తెలిసింది సోమక్కకు. ఆదివారాల పుణ్యమా అని దారిలో పరాయివాళ్ళే అయిపోయారు. వాళ్ళు చుట్టాలూ కాలేదు, కొత్తవాళ్ళుగానూ మిగల్లేదు. ఆ గంపలో ఊక నింపిన చెయ్యి తనదే. ఆమెకు ఏడుపు వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎవరూ చూడకముందే, "పాట ఆపిండ్రేందే?" అని అందరినీ కసిరింది.

పొద్దు చెట్ల మీదికి దిగింది. మగవాళ్ళు దుంపలతో తిరిగొచ్చి, గంప చుట్టూ కూర్చున్నారు. అప్పుడు బాబా మియా బస్సు హారన్ వినబడింది. ఆయన బ్రేకు వేసి కిటికీలోంచి వంగాడు.

"మాఫ్ చెయ్యి సోమక్కా, నువ్వు చెప్పినట్టే కొత్త మొఖం కోసం పొద్దంత చూసిన. అందరు పాత మొఖాలే ఎక్కుతాండ్రు. ఏం చెయ్యాలె చెప్పు?"

ఆ మాట ముగియకముందే వెనక తలుపు దగ్గర ఎవరో దిగారు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో పోస్టర్ల చుట్ట. సారంగపాణి. ఆదివారం ఏర్పాట్లు మాట్లాడడానికి, తన బస్సు రిపేరులో ఉంటే ఆర్టీసీలో వచ్చాడు. దుంగ చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదేంది? ఆదివారమన్నగా? అలసిపోతే ఆ రోజు ఆట ఎట్ల వస్తదమ్మా?"

సోమక్క ఆయన వంక చూసింది. ఏడేండ్లుగా చూస్తున్న మనిషే. కానీ ఆమె మనసులో ఒక్కొక్క ఆదివారమూ వరసగా తిరిగింది. అన్నింటిలోనూ సారంగపాణి బస్సు మెట్టు మీదే ఉన్నాడు. మొదటి ఏడు సీటు కింద ఉన్నాడు. దుంగ దాటి ఇవతలికి వచ్చి నిలబడిన సారంగపాణి ఆమెకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"సారూ," అంది మెల్లగా, "నువ్వు ఎన్నడన్న గంపల చెయ్యి పెట్టినవా?"

"నేనెందుకు పెడత? నేను చూసేటోన్ని గాదు గదా, చూపించేటోన్ని."

"దొరికిండే!" అని సోమక్క పెట్టిన కేకకు బస్సులో నిద్రపోతున్న కండక్టరు లేచి రైట్ రైట్ అన్నాడు. ఇరవై మంది ఆడవాళ్ళు ఒక్క ఉరుకున ఆయన చుట్టూ గుమిగూడారు. గట్టయ్య ఏ పనినీ వాయిదా వెయ్యకుండా డోలు అందుకున్నాడు.

"అరే, నన్నెందుకు? నాకు ఇదంతా తెలుసు గదా!" అని సారంగపాణి మైకు పైకెత్తాడు. అలవాటు కొద్దీ, "ఇప్పుడు వీరు బాటసారిని చుట్టుముట్టి..." అని మొదలుపెట్టి, ఆ బాటసారి తనేనని గుర్తొచ్చి ఆగిపోయాడు.

సావిత్రి మైకు తీసుకుంది. రాజక్క పోస్టర్లు తీసుకుంది. ఏడేండ్లు వివరించిన ఆటలో ఆయనకు ఒక్క అడుగు రాలేదు. ఎడమ వైపు పోవాల్సినప్పుడు కుడి వైపు పోయాడు. సోమక్క కాలు తొక్కాడు. పాటలో తన పేరు వినబడి, "ఏమంటాండ్రే?" అని సావిత్రిని అడిగాడు.

"కాళ్ళు రెండున్నయ్, రెండూ ఎడమయే అంటాండ్రు సారూ."

"వనదేవతలు దీవిస్తలేరా?"

"ఎన్నడు దీవించిండ్రు?" అంది సావిత్రి. సారంగపాణి నోరు తెరిచాడు. ఏడేండ్ల ఆదివారాలు ఆయన కండ్ల ముందు కూడా తిరిగినట్టున్నాయి. ఎవరెవరికి ఏమేం అర్థాలు చెప్పాడో గుర్తొచ్చి, చెవులదాకా ఎర్రబడి, ఉన్నట్టుండి తనే పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా గూడెం ఎప్పుడూ చూడలేదు.

గంప దగ్గర చొక్కా చెయ్యి పైకి మడిచి గింజల్లో పెట్టాడు. మణికట్టుదాకా పోయింది. చల్లగా, బరువుగా, నున్నగా జారిపోతున్న గింజలు. కలపడం మరిచిపోయి చెయ్యి అలాగే ఉంచాడు.

"గుచ్చుకుంటదని చెప్తరు గదా వచ్చినోళ్ళు?"

"అది ఊక సారూ. ఆదివారాలు ఊకనే."

"మోసం గదా సోమక్కా!"

"అసలు పండుగ గానప్పుడు అసలు గింజలు ఎందుకు సారూ?"

సారంగపాణి చెయ్యి ఒకసారి తిప్పి కలిపాడు. మళ్ళీ ఇంకోసారి, ఎవరూ అడక్కపోయినా కలిపాడు. మొండయ్య తాత కండ్లలో నీళ్ళు తిరిగాయి. సోమక్క ఆకాశం వంక చూసింది. పొద్దు ఇంకా జానెడు మిగిలి ఉంది.

కానీ సగమే అయింది. బువ్వ తినాలి. మోదుగాకు విస్తరి వేసి, జొన్నరవ్వతో వండిన గటక, దుంపల కూర వడ్డించి సారంగపాణి ముందు పెట్టారు. గూడెమంతా చుట్టూ నిలబడింది. పొద్దున్నుంచి ఎవరూ ముద్ద మింగలేదు, పిల్లలు గిన్నెల వంక చూసి గుటకలేస్తున్నారు. అయినా ఆయన తినందే ఎవరూ ముట్టరు. బాబా మియా బస్సు ఇంజన్ ఆపేసి, ఇక ఇప్పట్లో కదిలేది లేదని ప్యాసింజర్లకు చెప్పాడు. వాళ్ళూ దిగి వచ్చి నిలబడ్డారు.

సారంగపాణి చెయ్యి టిఫిన్ డబ్బా మీద ఉంది. ఎప్పుడు గూడేనికి వచ్చినా ఆయన ఇంటి నుంచి అన్నం తెచ్చుకుని, బస్సులో కూర్చుని, అటు తిరిగి తినేవాడు. నీళ్ళు కూడా సీసాలో తెచ్చుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతే అది. ఇప్పుడు ఆయన విస్తరి వంక చూశాడు, డబ్బా వంక చూశాడు, చుట్టూ ముఖాలు చూశాడు. సోమక్కకు బతిమాలాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బతిమాలితే తిన్న బువ్వ ఏం బువ్వని నోరు మూసుకుంది.

ఆయన డబ్బా తీసి పక్కకు పెట్టాడు. కింద కూర్చుని, చొక్కా చెయ్యి ఇంకాస్త పైకి మడిచి, గటక ముద్ద చేసి కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. మూడో ముద్ద దగ్గర ముఖం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

పన్నెండేండ్లలో చెయ్యి పెట్టిన వాళ్ళెవరూ అలా అనలేదు. అందరూ మొహమాటంగా బాగుంది బాగుంది అని రెండు ముద్దలు తిని లేచినవాళ్ళే. సోమక్కకు పొద్దున్నుంచీ అణచుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది.

"తక్కువైతదా? తెల్లారంగ లేచి రోడ్డు మీద నిలవడితిమి, ఎండల మాడితిమి, నీ బస్సుల జనం చేసిన పనికి తిప్పలు పడితిమి, ఇగ ఉప్పు ఎవలు చూసిండ్రు? నోరు మూసుకొని తిను!" అని గట్టయ్య మీద అరిచినట్టే అరిచింది.

"గట్ల అరుస్తవేందే? జర ఉప్పు తెచ్చియ్యరాదు?" అన్నాడు సారంగపాణి, నాలుగో ముద్ద చేస్తూ.

"నేను పదేండ్ల సంది చెప్తనే ఉన్న," అని గట్టయ్య వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

మొండయ్య తాత గంప దగ్గర నుంచి లేచాడు. "ఉప్పు తక్కువన్నడు గదా? ఇగ మనోడే. రాండ్రి, గింజలు పంచుత."